చర్చ్ స్ట్రీట్ పాత పుస్తకాల దుకాణం: సరుకు మంచిదే, అర తప్పు

బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లోని ఒక పాత పుస్తకాల దుకాణంలో గత నెల అమెరికా నల్లజాతి పత్రికారచయిత్రి అయిడా బి. వెల్స్ రచనల సంకలనాన్ని 350 రూపాయలకు కొన్నాను. అట్ట నలిగినా పుటలన్నీ ఉన్నాయి, ధర న్యాయమైనదే. నా అభ్యంతరమల్లా అది దొరికిన చోటు గురించి. పత్రికారచన అరలో వెతికి వేసారి, చివరికి 'నల్లజాతి చరిత్ర' అని చీటీ అంటించిన అడుగు వరుసలోంచి, నేలమీద చతికిలబడి తీసుకోవలసి వచ్చింది.

వెల్స్ చేసింది విలేఖరి పని. 1892లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో నల్లవారి ఉమ్మడి కిరాణా దుకాణం బాగా సాగి, దగ్గరలోని తెల్ల వ్యాపారికి పోటీ కాగా, ఆ దుకాణానికి చెందిన ముగ్గురిని ఒక మూక జైలు నుంచి లాక్కుపోయి కాల్చి చంపింది. హతుల్లో ఒకరైన థామస్ మాస్ కూతురికి వెల్స్ జ్ఞానతల్లి, అంటే బాప్తిస్మమప్పుడు బిడ్డకు తల్లిగా నిలిచిన మనిషి. తెల్ల స్త్రీల మానరక్షణ కోసమే ఇటువంటి హత్యలు జరుగుతున్నాయని అప్పట్లో చెలామణిలో ఉన్న మాటను, మాస్ కుటుంబాన్ని అంత దగ్గరగా ఎరిగిన మనిషి నమ్మలేకపోయింది. ఒక్కొక్క ఘటననే విచారించి, తెల్లవారి పత్రికలు అచ్చువేసిన లెక్కలనే ఎదుట పెట్టి, అది బూటకమని చూపింది. ఆమె నడిపిన 'ఫ్రీ స్పీచ్' పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు. అమెరికాలో పత్రికారచనకిచ్చే పులిట్జర్ గౌరవం దక్కింది 2020లో, ఆమె మరణించిన 89 ఏళ్లకు. సరైన అర వెతకడానికి వారికీ అంత కాలం పట్టిందన్నమాట.

దుకాణదారు మదనపల్లె వారు, మర్యాదస్తులు. "పాతది కదా సార్, చరిత్రే అనుకున్నాం" అన్నారు. 1920లో 'మూక్‌నాయక్' పత్రికను స్థాపించిన అంబేద్కర్ సంపుటాలు కూడా అక్కడ న్యాయశాస్త్రం కిందే ఉన్నాయని చూపిస్తే నవ్వి ఊరుకున్నారు.

అమెరికా నగరాల్లోని అల్లర్లపై విచారించిన కెర్నర్ కమిషన్, పత్రికలు లోకాన్ని తెల్లవారి కళ్లతోనే చూస్తున్నాయనీ, సంపాదక విభాగాల్లో నల్లవారు 5 శాతం కూడా లేరనీ 1968లో తప్పుపట్టింది. ఆ నివేదిక కావాలని పేరు రాయించి వచ్చాను. దొరికితే ఫోన్ చేస్తామన్నారు. ఏ అరలో పెడతారో మాత్రం నేను అడగలేదు.