మహమ్మారి వేళ టీకా: ఉమ్మడి కొనుగోలు మేలా, సొంత ఫ్యాక్టరీ మేలా?

కోవిడ్ టీకా కోసం పేద దేశాల ముందు ప్రధానంగా రెండు దారులు కనిపించాయి. అందరి డబ్బూ పోగేసి, కొని పంచే కోవాక్స్ ఒకటి. టెక్నాలజీ తెచ్చుకుని తమ ఖండంలోనే తయారు చేసుకోవడం ఇంకొకటి.

కాగితం మీద కోవాక్స్‌కు వంక పెట్టలేం. డబ్ల్యూహెచ్‌ఓ, పేద దేశాలకు టీకాలు సమకూర్చే గావి, కొత్త టీకాల పరిశోధనకు నిధులిచ్చే సెపి కలిసి 2020లో మొదలుపెట్టి, 2021 ఆఖరుకల్లా 200 కోట్ల డోసులు అందించాలనుకున్నాయి. తొలి విడత ఆరు లక్షల డోసులు 2021 ఫిబ్రవరి 24న ఘనాలోని అక్రాలో దిగాయి. తయారైంది పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్‌లో. చిక్కంతా అక్కడే. భారత్‌లో సెకండ్ వేవ్ విరుచుకుపడగానే ఎగుమతులు ఆగిపోయాయి, నవంబర్ దాకా కోవాక్స్‌కు మళ్లీ రాలేదు. కంపెనీలతో నేరుగా ఒప్పందాలు చేసుకున్న సంపన్న దేశాలు అప్పటికే క్యూలో ముందుకెళ్లిపోయాయి. వంద కోట్లవ డోసు చేరేసరికి 2022 జనవరి వచ్చింది. విరాళంగా ఇచ్చినవాటిలో చాలావాటికి గడువు వారాల్లోనే ముగిసేది. 2021 డిసెంబర్‌లో నైజీరియా అలాంటి పది లక్షలకు పైగా డోసులను అబుజా దగ్గర డంపింగ్ యార్డులో బుల్‌డోజర్‌తో తొక్కించింది. దానం పేరుతో వదిలించుకోవడమంటే ఇదే.

అయినా 2023 చివర్లో మూతపడేనాటికి కోవాక్స్ 146 దేశాలకు దాదాపు 200 కోట్ల డోసులు చేర్చింది. బేరమాడే సత్తా లేని చిన్న ద్వీప దేశాలకు అంతకన్నా దిక్కు లేదు, వాటిని ఫ్యాక్టరీ కట్టుకోమనలేం కదా.

ఇక తయారీ సంగతి. కేప్‌టౌన్‌లోని ఆఫ్రిజెన్ అనే కంపెనీ, అమెరికా టీకా కంపెనీ మోడెర్నా చేయి కలపకపోయినా, బహిరంగంగా దొరికే సమాచారంతోనే 2022 మొదట్లో ల్యాబ్ స్థాయిలో మోడెర్నా తరహా ఎంఆర్‌ఎన్‌ఏ టీకా (వైరస్ ప్రోటీన్‌ను మన శరీరంలోనే తయారు చేయించే రకం) చేసి చూపించింది. అంటే నైపుణ్యం లేదన్న సాకు చెల్లదు. పేటెంట్ల సడలింపు కోసం భారత్, దక్షిణాఫ్రికా 2020 అక్టోబర్‌లో అడిగితే, ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ) 2022 జూన్‌లో సగం సగంగా ఒప్పుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అసలు దెబ్బ మాత్రం ఆర్డర్ల దగ్గర తగిలింది. దక్షిణాఫ్రికాలోని ఆస్పెన్ కంపెనీ, జాన్సన్ అండ్ జాన్సన్ లైసెన్స్‌తో టీకా తయారీ లైను సిద్ధం చేసుకుని కూర్చుంటే ఒక్క ఆర్డరూ రాలేదు. అప్పటికి మార్కెట్లో టీకాలు కుప్పలుగా ఉన్నాయి.

నా ఓటు ఫ్యాక్టరీకే, ఒక షరతుతో. జబ్బు వచ్చాక లైను మొదలుపెడితే లాభం లేదు. మామూలు రోజుల్లో పిల్లల టీకాలు చేస్తూ అది నడుస్తూ ఉండాలి, అవి కాస్త ఖరీదైనా ఉమ్మడి నిధి కొనాలి. ఆఫ్రికా తయారీదారుల కోసం గావి 2024 జూన్‌లో ప్రకటించిన, పదేళ్లలో 120 కోట్ల డాలర్ల వరకు ఇచ్చే పథకం ఈ దారిలోదే. 2025 మేలో డబ్ల్యూహెచ్‌ఓ సభ్య దేశాలు ఆమోదించిన మహమ్మారి ఒప్పందమేమో కంపెనీల ఉత్పత్తిలో 20 శాతం డబ్ల్యూహెచ్‌ఓకు అందేలా చూడాలంటోంది. ఫ్యాక్టరీలున్న దేశం ఎగుమతులు ఆపేసిన రోజున ఆ 20 శాతం సరిహద్దు ఎలా దాటుతుంది?