మందులకు లొంగని మూర్ఛ: రోబోతోనా, పుర్రె తెరిచా?

రెండు మందులు సరైన మోతాదులో వాడినా ఫిట్స్ ఆగనివారి ఇళ్ల నుంచి తరచూ వచ్చే ప్రశ్న ఇది: ఆపరేషన్ ఎలాగూ తప్పదంటున్నారు, రోబోతో చేయించడమే మేలు కదా? చిన్న రంధ్రం, తక్కువ నొప్పి, త్వరగా ఇంటికి. ఆ ఆశ సహజమే. కానీ నా దృష్టిలో కోత పరిమాణం కంటే ముఖ్యమైనది, మూర్ఛ పుట్టే చోటు ఎంత కచ్చితంగా తెలిసిందన్నదే.

రోబో ఆ చోటును వెతకదు. సర్జన్ స్కాన్ మీద గీసిన దారిలో, రక్తనాళాలను తప్పిస్తూ మెదడు విద్యుత్తును నమోదు చేసే సన్నని తీగలను (ఎలక్ట్రోడ్లను) లోపలికి చేర్చడం దాని పని. ఆ దారి గీయడానికి రోజుల తరబడి తీసిన వీడియో ఈఈజీ (ఫిట్స్‌ను, మెదడు విద్యుత్తును కలిపి రికార్డు చేసే పరీక్ష), ఎమ్మారై, జ్ఞాపకశక్తి పరీక్షలు కావాలి. వాటిని చదివే అనుభవం కావాలి. అక్కడ పొరబడితే రోబో కాపాడలేదు.

ఎమ్మారైలో హిప్పోక్యాంపస్ (జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం) కుంచించుకుపోయినట్టు కనిపించి, ఈఈజీ కూడా అదే వైపు చూపిస్తే నా మొగ్గు పుర్రె తెరిచి ఆ భాగాన్ని తీసేసే ఆపరేషన్‌కే. దానికి ఉన్నంత గట్టి రుజువు మరోదానికి లేదు. 2001లో వెలువడిన కెనడా అధ్యయనంలో 80 మంది పాల్గొన్నారు. ఏడాది తర్వాత స్పృహ తప్పించే మూర్ఛలు ఆగినవారు ఆపరేషన్ వర్గంలో 58 శాతం, మందుల వర్గంలో 8 శాతం. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ 116 మంది పిల్లలపై ప్రచురించిన అధ్యయనంలో రకరకాల మూర్ఛ ఆపరేషన్లు కలిపి, ఏడాది తర్వాత ఫిట్స్ పూర్తిగా ఆగినవారు ఆపరేషన్ వర్గంలో 77 శాతం, మందుల వర్గంలో 7 శాతం. పుర్రె తెరవకుండా, చిన్న రంధ్రం గుండా పంపిన లేజరుతో హిప్పోక్యాంపస్‌ను కాల్చినప్పుడు సుమారు సగం మందికి ఫిట్స్ ఆగుతున్నాయి.

అయితే వ్యాధి మాటలకు ఆధారమైన వైపు ఉండి, జ్ఞాపకశక్తి ఇంకా చెక్కుచెదరకపోతే లేజరును ముందు ఆలోచించాలి. పేర్లు, మాటలు మరిచిపోయే ముప్పు తక్కువ. అది ఫలించకపోయినా తెరిచే ఆపరేషన్‌కు దారి మూసుకుపోదు.

ఎమ్మారైలో ఏమీ కనిపించకపోతే మాత్రం రోబో సాయంతో లోతుకు దించే ఎలక్ట్రోడ్లనే ఎంచుకుంటాను. పుర్రె పెద్దగా తెరవకుండా, అనేక చోట్ల ఒకేసారి మెదడు విద్యుత్తును నమోదు చేయవచ్చు. అవే ఎలక్ట్రోడ్లతో కొంత భాగాన్ని వేడితో కాల్చే వీలూ ఉంది. రక్తస్రావం ముప్పు తక్కువే గానీ లేకపోలేదు. మెదడు లోతులో ఉండే హైపోథాలమస్ అనే భాగంలోని గడ్డ వల్ల అకారణంగా నవ్వు తెప్పించే మూర్ఛకైతే లేజరే నా ఎంపిక.

ఆపరేషన్‌కు వీలుపడనివారికి మెడలోని వేగస్ నాడికి విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరం ఉంది. అది ఫిట్స్ తగ్గిస్తుంది, పూర్తిగా ఆపడం అరుదు. పిల్లలకు కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థాలు చాలా తక్కువగా ఉండే కీటో ఆహారమూ ఒక మార్గం.

ఏ పద్ధతి ఎంచుకున్నా, ఆపరేషన్ అయిన వెంటనే మందులు మానేయకండి. తగ్గించడం ఎప్పుడన్నది డాక్టరే చెప్పాలి.