ఏమన్నాడురా?

నాలుగేళ్లుగా మా ఇంట్లో ఏ సినిమాకైనా మార్కులు పడేది ఒక్క లెక్క మీదే. మొదటి పావుగంటలో అమ్మ "ఏమన్నాడురా?" అని ఎన్నిసార్లు అడిగింది? మూడు దాటితే నాకు విసుగు మొదలవుతుంది. ఐదు దాటితే ఆవిడే లేచి వంటింట్లోకి వెళ్లి, చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటుంది. నేను సినిమా విద్య తెలిసినవాణ్ణి కాను, రాత్రి భోజనమయ్యాక ఏది కనబడితే అది చూసేవాణ్ణి. ఈ అభిప్రాయాలకు అంతకుమించి విలువ ఇవ్వనవసరం లేదు.

అమ్మకు డెబ్బై ఆరేళ్లు. వినికిడి యంత్రం ఉంది. అది కుక్కరు ఈలను పిడుగులా వినిపిస్తుంది, కథానాయిక మాటను మాత్రం వినిపించదు. దాంతో అది ఎక్కువ కాలం కుంకుమ భరిణె పక్కనే ఉంటుంది. వయసుతో తగ్గే వినికిడిలో ముందు పోయేవి సన్నని శబ్దాలని చెవుల డాక్టరు చెప్పారు. స, శ, త వంటి హల్లులు జారిపోయి అచ్చుల మోత మిగులుతుందట. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమన్నారో తెలియదు. టీవీ శబ్దం పెంచితే మోత పెరుగుతుంది తప్ప మాట విడిపడదు. పక్కింటివాళ్లు మాత్రం మరుసటి రోజు కథ చెబుతారు.

తెర అడుగున మాటలు రాసి చూపే అక్షరాలు, అదే సబ్‌టైటిల్స్, పెడదామనుకున్నాను. నా కడుపుమంటంతా ఇక్కడే. తెలుగు సినిమా తెరిచి అక్షరాల పట్టిక చూస్తే ఇంగ్లీషు ఉంటుంది. కొన్నిటికి నేను పేరు చెప్పలేని లిపులు కూడా ఉంటాయి. తెలుగు ఉండదు. అన్నిటికీ ఇంతేనని అనను, వెతగ్గా వెతగ్గా ఒకటీ అరా దొరికాయి. కానీ తెలుగు చదవగలిగి, తెలుగు సినిమా చూస్తూ, చెవి సరిగా వినపడని మనిషి ఒకరు ఉండవచ్చునన్న ఊహ ఈ వ్యాపారంలో ఎవరికీ తట్టినట్టు లేదు. అమ్మ వారపత్రికల సీరియళ్లు చదువుతూ పెరిగింది. హాలు బయట అమ్మే పాటల పుస్తకాలు కొని, ఇంటికి వచ్చాక గ్యాసునూనె దీపం దగ్గర చరణాలు కంఠతా పట్టిన తరం. అచ్చులో ఉన్న మాటంటే ఆవిడకు కొత్త కాదు, భయమూ లేదు. 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు 'పఠాన్' చిత్రం ఓటీటీ ప్రతికి హిందీ అక్షరాలు, చూపు లేనివారికోసం దృశ్య వర్ణన జోడించమని ఆదేశించింది. ఆ వార్త చదివి వినిపిస్తే "మనవాళ్లమీద ఎవరూ కేసు వేయలేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇక 'రంగస్థలం' సంగతి. 2018 సినిమా కాబట్టి కథ చెప్పేస్తున్నందుకు ఎవరూ కోపగించుకోరనుకుంటాను. అందులో చిట్టిబాబుకు చెవులు సరిగా వినపడవు, ఊళ్లో అతణ్ణి సౌండ్ ఇంజనీరు అంటారు. పెదవులు చూసి మాట పట్టుకుంటాడు. ఈ సినిమా అమ్మకు నచ్చుతుందని నేనే పట్టుబట్టి పెట్టాను. గోదావరి జిల్లాల యాస, పొలాలకు నీళ్లు పెట్టే మోటారు మోత, వెనక నుంచి సంగీతం. వీటి మధ్య అమ్మకు పది మాటల్లో నాలుగు కూడా అందలేదు. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతున్నాయి. నేను మధ్యమధ్య వాటిని తెలుగులోకి మార్చి చెబుతున్నాను. అసలు తెలుగులో అన్న మాటను ఇంగ్లీషులో చదివి మళ్లీ తెలుగు చేయడమంటే పెసరట్టును రుబ్బి మళ్లీ పెసలు చేయడమే.

అరగంట తరువాత అమ్మ అడగడం మానేసింది. బాగా అర్థమవుతోందని సంబరపడ్డాను. ఒకచోట చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతుంటే చిట్టిబాబు కూడా నవ్వాడు. అప్పుడు అమ్మ నెమ్మదిగా అంది, "వీడికి వినపడలేదురా. ఊరికే నవ్వుతున్నాడు. నేనూ అంతే."

నాకు మా చెల్లెలి కూతురి పెళ్లి గుర్తొచ్చింది. భోజనాల దగ్గర వియ్యపురాలు ఏదో అంటే అమ్మ తెగ నవ్వింది. ఆ నవ్వు చూసి ఇద్దరికీ బాగా కుదిరిందని మేమంతా మురిసిపోయాం. ఆ తరువాత సినిమా ఎలా నడిచిందో నాకు సరిగా గుర్తులేదు. అన్న ప్రాణం పోతూ చెప్పిన మాట తమ్ముడి చెవికి అందని ఘట్టం వచ్చినప్పుడు అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క చోట ఏమన్నాడురా అని అడగలేదు, నేనూ చెప్పలేదు. వినపడని మనిషిని కథానాయకుణ్ణి చేసి ఇంత చక్కగా తీసిన సినిమాను, వినపడని ప్రేక్షకురాలు పక్కవాళ్ల సాయం లేకుండా చూడలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఇది దర్శకుడి తప్పని అనడం లేదు. మేము చూసిన చోట దానికి తెలుగు అక్షరాలు లేవు, అంతే.

ఆ వారమంతా అమ్మ టీవీ గదిలోకి రాలేదు. తరువాతి ఆదివారం 'పుష్పక విమానం' పెట్టాను. సింగీతం శ్రీనివాసరావు 1987లో తీసిన మాటల్లేని సినిమా. మొదటి పది నిమిషాలు అమ్మ యంత్రం చెవిలోంచి తీసి, ఊది, మళ్లీ పెట్టుకుంది. చెడిపోయిందనుకుంది. "ఇందులో ఎవరూ మాట్లాడరమ్మా" అన్నాను. "ఎవరికీ వినపడదా అయితే?" అని అడిగి, కాళ్లు పైకి పెట్టుకుని, సర్దుకుని కూర్చుంది. ఉద్యోగం లేని కమల్‌హాసన్ పెద్ద హోటల్లో దొంగదొరగా చేరతాడు. అక్కడి నిశ్శబ్దంలో నిద్ర పట్టక, తన పాత గదికి వెళ్లి పక్కనున్న సినిమాహాలు గోలను టేపులో పట్టుకొచ్చి, అది వింటూ పడుకుంటాడు. ఆ ముక్క దగ్గర అమ్మ నాకన్నా ముందు నవ్వింది. ముందు నవ్వింది అన్న మాట మళ్లీ చెబుతున్నాను, ఎందుకంటే చాలా ఏళ్లుగా అమ్మ నవ్వు మా నవ్వుకు ఒక అరక్షణం వెనకాలే వచ్చేది.

అప్పటి ఉత్సాహంలో మా బంధువులందరికీ ఫోన్లు చేసి అది తెలుగువాడు తీసిన సినిమాల్లోకెల్లా గొప్పదని చెప్పాను. తరువాత ఇంకో రెండుసార్లు చూశాం. మలాన్ని బహుమతి పొట్లంలా కట్టి వదిలించుకునే హాస్యం భోజనాల వేళ పనికిరాదు. మంచు కత్తులతో చంపడానికి వచ్చేవాడి ప్రయత్నాలు మూడోసారికి కాస్త సాగినట్టే అనిపించాయి. గొప్పదే. కానీ నేను ఫోనులో చెప్పినంత కాదేమో.

పాత సినిమాలతో మాకు పేచీ లేదు. 'మాయాబజార్' 1957 నాటిది. పింగళి నాగేంద్రరావు మాటలు రాశాడంటే ప్రతి అక్షరం పళ్లెంలో పెట్టి అందించినట్టుంటుంది. ఎస్వీ రంగారావుది అడుగునుంచి లేచే గొంతు, అమ్మ చెవికి మిగిలి ఉన్నది సరిగ్గా ఆ మెట్టే. ఆయన గదతో పాటు ఒత్తులు కూడా విసురుతాడు. సావిత్రి మాత్రం ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉన్నప్పుడే ఎక్కువ వినపడుతుందని అమ్మ అంటుంది, శశిరేఖ సొంత మాటలు కొన్ని జారిపోతాయట. 2010లో రంగులద్దిన ప్రతి కూడా చూశాం. రంగులు బాగున్నా మేము నలుపు తెలుపుకే తిరిగి వచ్చాం. 'శంకరాభరణం' విషయంలో ఈ పరీక్ష చెల్లదు, పాటలన్నీ అమ్మకు నోటికి వచ్చు. 'సిరివెన్నెల'లో సుహాసినికి మాటలు రావు, చేతులతో చెబుతుంది. అమ్మకు ఆ పిల్ల మీద ప్రాణం. హరిప్రసాద్ చౌరాసియా వేణువు మాత్రం పై స్థాయికి వెళ్లిన చోటల్లా ఆవిడకు మాయమైపోతుంది. నేను వింటూ, ఆవిడ చూస్తూ, ఒకే సినిమాను చెరి సగం పంచుకుంటాం.

ఇబ్బందంతా నాకు ఇష్టమైన సినిమాలతోనే. 'పెళ్లి చూపులు' చిత్రీకరణ జరుగుతుండగానే ధ్వనిని పట్టుకున్న సినిమా. స్టూడియోలో మైకు ముందు మళ్లీ చెప్పించిన మాటలు కావవి. ఆ సహజత్వమే నాకు నచ్చింది. అమ్మ పదకొండుసార్లు అడిగింది, లెక్కపెట్టాను. 'కేరాఫ్ కంచరపాలెం' కూడా అంతే. విశాఖపట్నంలోని ఆ పేటవాళ్లే నటించి, వాళ్లు మాట్లాడుకునేట్టే మాట్లాడారు. నేను రాత్రంతా దాని గురించి ఆలోచించాను, అమ్మ సగంలోనే పడుకుంది. పాతవాళ్లు నాటకంలా మాట్లాడతారని వెక్కిరించే మాట నేనూ ఒకప్పుడు అన్నవాణ్ణే. ఇప్పుడు అనను. అలాగని కొత్తవాళ్లు కూడా అలా అరవాలని కోరను.

టీవీ కార్యక్రమాల్లో మొదటి మార్కు 'పాడుతా తీయగా'కు, అదీ బాలసుబ్రహ్మణ్యం నడిపిన రోజులకు. పాట ఎత్తుకోవడానికి ముందో వెనకో ఆయన సాహిత్యాన్ని మాటగా చదివి, ఫలానా అక్షరాన్ని ఒత్తి పలకాలని పిల్లలకు చెప్పేవాడు. అమ్మకు అదే సరిపోయేది, పాట వినపడకపోయినా ఏ పాటో తెలిసేది. 'అమృతం' ఇప్పుడు ఇంటర్నెట్‌లో చూస్తున్నాం. హోటలు, అమృతరావు, ఆంజనేయులు, ఇంటి యజమాని అప్పాజీ, ఎవరూ గొంతు తగ్గించరు. కొన్ని భాగాలు ఇప్పుడు చూస్తే పాతబడ్డాయి గానీ వినపడటంలో లోటు లేదు.

తెలుగు అక్షరాలు దొరికింది ఎక్కడో తెలుసా? ఒక కొరియా సీరియల్‌కు. పరాయి దేశపు కథకు తెలుగు మాటలూ ఉన్నాయి, తెలుగు అక్షరాలూ ఉన్నాయి. అమ్మ నాలుగు రోజుల్లో పూర్తిచేసింది. నేను ఫోను చూసుకుంటూ "ఏమన్నాడమ్మా?" అని అడిగితే "కింద రాసి ఉంది, చదువుకో" అంది. నాలుగేళ్ల బాకీ తీర్చుకుంది. అయితే దీన్ని కూడా పూర్తిగా పొగడలేను. చెప్పే మాట ఒకటి, రాసిన మాట ఇంకొకటి. పాత్ర "పద పద" అంటే కింద "మనం ఇప్పుడు బయలుదేరడం మంచిది" అని పడుతుంది. అమ్మకు అక్కడక్కడ మాట అందుతుంది గనుక రెండూ కలవక తికమకపడుతుంది. రెండు తర్జుమాలు ఇద్దరు వేరువేరుగా చేసి, ఒకరినొకరు చూసుకోలేదన్నమాట.

ఈ మధ్య హైదరాబాదు నుంచి మేనల్లుడు వచ్చి ఒక చిన్న మార్పు చేశాడు. సినిమాహాలు కోసం కలిపిన ధ్వనిలో మాటలు ముఖ్యంగా నడిమి స్పీకరుకు వెళతాయని, సంగీతం, హోరు చుట్టూ పరుచుకుంటాయని చెప్పాడు. మా టీవీకి ఉన్నవి రెండే చిన్న స్పీకర్లు, అవి కూడా నేలవైపు తిరిగి ఉంటాయి. అన్నీ వాటిలోకి కుక్కేసరికి మాట అడుగున పడుతోందట. ధ్వనిని ఐదుకు బదులు రెండు స్పీకర్లకు సరిపడేట్టు మార్చి, మాటను ముందుకు తెచ్చే ఇంకో మీట నొక్కాడు. ప్రశ్నలు సగానికి తగ్గాయి. నాలుగేళ్లు అమ్మ చెవులను తిట్టుకున్నాను. సగం తప్పు టీవీదేనని అప్పుడు తెలిసింది.

మీ ఇంట్లో అందరి చెవులూ బాగుంటే నా మార్కులన్నీ తలకిందులు చేసుకోండి. 'రంగస్థలం' పైకి వెళుతుంది, 'పెళ్లి చూపులు' ఇంకా పైకి వెళుతుంది, 'అమృతం' కిందికి దిగవచ్చు. మా ఇంట్లో మాత్రం 'రంగస్థలం' ఇంకా సగమే చూసినట్టు లెక్క. కింద తెలుగు కనబడిన రోజున అమ్మ మళ్లీ చూస్తానంది, నన్ను పక్కన కూర్చోవద్దంది.