ఊటీ ‘హెరిటేజ్ టాయ్ ట్రైన్’ ప్యాకేజీ కొంటున్నారా? ముందు పీఎన్‌ఆర్ అడగండి

ఊటీ ప్యాకేజీలో ‘హెరిటేజ్ టాయ్ ట్రైన్ రైడ్’ అని కనిపిస్తే, అది ఏ స్టేషన్ నుంచి ఏ స్టేషన్ దాకానో రాతపూర్వకంగా తెలుసుకోకుండా ఒక్క రూపాయి అడ్వాన్స్ ఇవ్వకండి. ఈ వేసవి సెలవుల్లో అత్తయ్య, మామయ్యగారు, పిల్లలతో కలిసి ఇంటిల్లిపాదీ వెళ్ళొచ్చాం. మా ఊళ్ళోనే ఆఫీసున్న ఒక ట్రావెల్ ఏజెన్సీ దగ్గర ప్యాకేజీ తీసుకున్నాం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. అయినా ఇది ఒక్క ఏజెన్సీ సంగతి కాదు. మాతో పాటు టెంపో ట్రావెలర్‌లో వచ్చిన ఇంకో కుటుంబానికి వేరే ఊరి ఏజెంటు ఇదే ప్యాకేజీ, ఇవే మాటలతో అమ్మాడట.

మోసం ఎక్కడుందో తెలియాలంటే ముందు ఆ రైలు గురించి కాస్త తెలియాలి. నీలగిరి కొండ రైలు మెట్టుపాళయంలో మొదలై ఊటీ దాకా వెళ్తుంది. మొత్తం 46 కిలోమీటర్లు, మీటర్ గేజ్. 1899లో కూనూర్ వరకు నడిచింది, 1908లో ఊటీకి చేరింది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. లైను మొత్తం మీద 208 మలుపులు, 250 వంతెనలు, 16 సొరంగాలు. పొద్దున 7.10కి మెట్టుపాళయంలో బయలుదేరితే ఊటీ చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. 46 కిలోమీటర్లకు దాదాపు 5 గంటలు!

అంత ఆలస్యం ఎందుకంటే, కల్లార్ దాటాక కొండ నిట్టనిలువుగా లేస్తుంది. పన్నెండు అడుగులు ముందుకు వెళ్తే ఒక అడుగు పైకి ఎక్కాలి. మామూలు చక్రాలు అక్కడ జారిపోతాయి. అందుకని కల్లార్ నుంచి కూనూర్ దాకా రెండు పట్టాల మధ్యలో పళ్ళున్న ఉక్కు పట్టీలు వేశారు. ఇంజన్ కింద ఉన్న పళ్ళచక్రం ఆ పళ్ళను ఒక్కొక్కటీ పట్టుకుంటూ ఎక్కుతుంది. స్టీమ్ ఇంజన్ ముందు ఉండి లాగదు, వెనక నుంచి పెట్టెల్ని తోస్తుంది. ఈ ఇంజన్లను మొదట స్విట్జర్లాండ్ నుంచి తెప్పించారు. తర్వాత తిరుచ్చి దగ్గర గోల్డెన్ రాక్ వర్క్‌షాప్‌లోనూ కొత్తవి తయారు చేశారు. బ్రోషర్లలో పొగ కక్కుతూ వంతెన మీద కనిపించేది ఈ రైలే.

కూనూర్ దాటితే కథ మారిపోతుంది. అక్కడితో పళ్ళ పట్టీ అయిపోతుంది. స్టీమ్ ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ తగిలిస్తారు. కూనూర్-ఊటీ మధ్య విడిగా తిరిగే చిన్న రైళ్ళు కూడా ఉన్నాయి. గంటా గంటంబావు ప్రయాణం. అదీ బాగుంటుంది, కాదనను. వెల్లింగ్టన్, అరువన్‌కాడు, కేత్తి, లవ్‌డేల్ మీదుగా లోయలు, క్యారెట్ తోటలు, యూకలిప్టస్ చెట్లు చూసుకుంటూ వెళ్ళొచ్చు. కానీ అది వేరు, ఇది వేరు. జనరల్ టికెట్ అయితే కౌంటర్‌లో అప్పటికప్పుడు చిల్లర డబ్బులకు దొరుకుతుంది. మొదటి రైలు ఫోటో చూపించి, దాని పేరున డబ్బు తీసుకుని, రెండో రైలు ఎక్కించడమే వీళ్ళ వ్యాపారం.

మా మామయ్యగారు రైల్వేలో గార్డుగా రిటైర్ అయ్యారు. గుంటూరు-గుంతకల్లు లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో పనిచేసిన మనిషి. పళ్ళ పట్టీ మీద ఎక్కే స్టీమ్ ఇంజన్ని కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. ఈ ట్రిప్పు పెట్టుకున్నదే అందుకు. ఏజెంటుకు ఆ మాట చెప్పాం. వాట్సాప్‌లో మావారు ‘స్టీమ్ ఇంజన్ ఉన్న రైలే కదండీ?’ అని అడిగితే ‘ఎస్ సర్, టాయ్ ట్రైన్ కన్ఫర్మ్’ అని జవాబిచ్చాడు. ఆ జవాబును ఒకసారి జాగ్రత్తగా చదవండి. ‘స్టీమ్’ అన్న ప్రశ్నకు ‘టాయ్ ట్రైన్’ అని సమాధానం. రైలు పేరు మీద తలకు 1,500 రూపాయలు అదనంగా తీసుకున్నాడు. టికెట్లు పంపమంటే ‘గ్రూప్ బుకింగ్ సర్, ముందురోజు వస్తాయి’ అన్నాడు. ముందురోజు అడిగితే ‘డ్రైవర్ దగ్గర ఉంటాయి’ అన్నాడు.

కోయంబత్తూరులో దిగాం. బండి మెట్టుపాళయం ఊళ్ళోంచే వెళ్ళింది, స్టేషన్ దగ్గర మాత్రం ఆగలేదు. మావారు అడిగితే డ్రైవర్ తమిళం కలిసిన తెలుగులో ‘ఇక్కడ రైలు పొద్దున్నే పోయింది సార్, మీకు కూనూర్‌లో ఎక్కించమన్నారు’ అన్నాడు. పాపం అతనికి ఏమీ తెలియదు. కూనూర్ చేరాక మా పేరున టికెట్లేవీ లేవని తేలింది. అతనే వెళ్ళి క్యూలో నిలబడి జనరల్ టికెట్లు తెచ్చాడు. పెట్టె కిటకిటలాడుతోంది. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఎవరో కాలేజీ పిల్లలు లేచి చోటిచ్చారు కాబట్టి కూర్చోగలిగింది. మేం ఊటీ దాకా నిలబడే వెళ్ళాం.

రైలెక్కే ముందు మామయ్యగారు ప్లాట్‌ఫాం అంచున వంగి పట్టాల మధ్యలోకి చూశారు. రైలు ముందు భాగం దాకా నడిచి వెళ్ళి వచ్చారు. ‘ఇది వైడీఎం-4 అమ్మా, మామూలు డీజిల్ ఇంజన్. మా డివిజన్లో ఇవి ఎన్ని చూడలేదు! దీనికోసం ఇంత దూరం రావాలా?’ అని నవ్వారు. ఆ నవ్వు చూశాక మావారికి ఆ ఏజెంటు మీద కోపం ఆగలేదు. అక్కడి నుంచే ఫోన్ చేస్తే అతను తాపీగా ‘బ్రోషర్‌లో టాయ్ ట్రైన్ అని రాశాం సర్, టాయ్ ట్రైన్ ఎక్కించాం. కింద సబ్జెక్ట్ టు అవైలబిలిటీ అని కూడా ఉంది’ అన్నాడు. టికెట్లు బుక్ చేయడానికి అసలు ప్రయత్నించారా, చేస్తే వెయిటింగ్ లిస్ట్ కాపీ చూపించండి అంటే ఫోన్ పెట్టేశాడు.

రెండో దెబ్బ ‘ఊటీ హిస్టరీ టూర్’ దగ్గర తగిలింది. సల్లివన్ కట్టిన స్టోన్ హౌస్, సెయింట్ స్టీఫెన్స్ చర్చి, నీలగిరి గిరిజనులైన తోడాల గుడిసెలు చూపిస్తామని బ్రోషర్‌లో ఉంది. పిల్లలకు చరిత్ర చెప్పడానికి ఇంతకన్నా మంచి ఊరు దొరకదు. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివన్ 1822లో స్టోన్ హౌస్ కట్టడం మొదలుపెట్టాడు. ఊటీ పట్టణం ఆ ఇంటి చుట్టూ పెరిగిందే. 1830 ప్రాంతంలో కట్టిన సెయింట్ స్టీఫెన్స్ చర్చి దూలాలు శ్రీరంగపట్నంలోని టిప్పు సుల్తాన్ మహల్ నుంచి తెచ్చినవంటారు. 1848లో మొదలైన బొటానికల్ గార్డెన్ పై భాగంలో తోడాల ఊరు ఉంది. వీటిని చూడ్డానికి ఏజెంటు అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. టికెట్ ఉన్న చోట కౌంటర్‌లో ధర రాసే ఉంటుంది.

మమ్మల్ని తీసుకెళ్ళింది మాత్రం రోడ్డు పక్కన ‘మ్యూజియం’ బోర్డు పెట్టుకున్న ఒక దుకాణానికి. ముందు గదిలో గోడకు నాలుగు పాత ఫోటోలు, మూలన తుప్పు పట్టిన టీ ఆకుల మెషీన్ ఒకటి. అది దాటితే చాక్లెట్లు, యూకలిప్టస్ నూనె, టీ పొడి కౌంటర్లు. బయటికి వెళ్ళే దారి ఆ కౌంటర్ల మధ్యలోంచే. ప్రవేశ రుసుము వేరే. రసీదు అడిగితే కాగితం ముక్క మీద అంకె రాసి ఇచ్చారు. మా పాప ‘అమ్మా, తోడా వాళ్ళ ఇల్లు ఏదీ?’ అని అడిగితే కౌంటర్ అబ్బాయి తోడా ఎంబ్రాయిడరీ అని ఒక శాలువా తీసి చూపించాడు. చర్చి ముందు నుంచి బండి వెళ్తుంటే కిటికీలోంచి చూపించి, ‘చూశారు కదా’ అని టిక్కు పెట్టేశారు.

ఈ-పాస్ పేరుతో తలకు ఇంకో 300 లాగారు. నీలగిరి జిల్లాకు వెళ్ళే టూరిస్టు వాహనాలకు మద్రాస్ హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేశారన్నది నిజమే. కానీ అది ఉచితం. తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఎవరికి వాళ్ళు తీసుకోవచ్చు. పైగా అది బండికి ఇచ్చేది, తలకు లెక్కగట్టేది కాదు. వేసవిలో రోజుకు ఇన్ని బండ్లనే పరిమితి కూడా పెడుతున్నారు, కాబట్టి ముందుగా తీసుకోండి. దానికి ఎవరైనా ఫీజు అడిగితే ఆ ప్యాకేజీలో మిగతా లెక్కలూ అనుమానించాల్సిందే.

ఇక రైలు టికెట్ దగ్గర ఏం చూడాలంటే, టాయ్ ట్రైన్ అన్న మాటను పట్టించుకోకండి, స్టేషన్ల పేర్లు చూడండి. స్టీమ్ ఇంజన్ కావాలంటే టికెట్ మీద మెట్టుపాళయం ఉండి తీరాలి. అక్కడ ఎక్కడమో, అక్కడ దిగడమో జరగాలి. కూనూర్ నుంచి ఊటీ అని ఉంటే అది చిన్న రైలు, అంతే. పైకి వెళ్ళేదానికి సీట్లు దొరక్కపోతే మధ్యాహ్నం 2 గంటలకు ఊటీ నుంచి మెట్టుపాళయం దిగే రైలుకు ప్రయత్నించండి. చాలామంది దాని గురించి ఆలోచించరు. ఐఆర్‌సీటీసీలో మీ అకౌంట్‌తోనే 60 రోజుల ముందు పొద్దున 8కి బుకింగ్ తెరుచుకుంటుంది. సెలవు రోజులకైతే టెన్షనే, సీట్లు తక్కువ. సెకండ్ సిట్టింగ్ ధర మాత్రం కొన్ని వందలే. చెన్నై మీదుగా వెళ్ళేవాళ్ళకు రాత్రి బయలుదేరే నీలగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లారేసరికి మెట్టుపాళయంలో దింపుతుంది, కొండ రైలు అందుకోవచ్చు.

ఏజెంటు ద్వారానే వెళ్తాం అంటే పీఎన్‌ఆర్ తీసుకుని మీరే స్టేటస్ చూసుకోండి, ప్రయాణికుల పేర్లు మీవేనని టికెట్ కాపీ మీద చూడండి. వేరేవాళ్ళ పేరున టికెట్ ఇచ్చి ‘ఎవరూ అడగరు’ అనేవాళ్ళున్నారు. కన్ఫర్మ్ టికెట్‌ను ఒకరి పేరు నుంచి ఇంకొకరి పేరుకు మార్చాలంటే తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు, తోబుట్టువుల లాంటి సొంత కుటుంబసభ్యులకే, అదీ 24 గంటల ముందు రైల్వే ఆఫీసులో అడిగితేనే కుదురుతుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళ టికెట్ మీకు పనికిరాదు. రైల్లో పట్టుకుంటే జరిమానా కట్టేది మీరే.

ఒక విషయంలో ఏజెంట్లను తప్పు పట్టలేం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల వర్షాలకు కల్లార్-కూనూర్ మధ్య కొండచరియలు విరిగిపడి రైళ్ళు రద్దవుతుంటాయి. అది ఎవరి చేతిలోనూ లేదు. కానీ అక్కడా ఒక మెలిక ఉంది. రైల్వే రైలు రద్దు చేస్తే టికెట్ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది, కాకపోతే అది బుక్ చేసినవాళ్ళ ఖాతాలోకి వెళ్తుంది. ఏజెంటు బుక్ చేసి ఉంటే ఆ డబ్బు అతనికే చేరుతుంది. ‘రైల్వే వాళ్ళు ఇవ్వరండీ’ అని ఎవరైనా అంటే నమ్మకండి.

మన విశాఖ-అరకు దారిలోనూ ఇదే తంతు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని పోర్టుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను అది, సొరంగాల్లోంచి అనంతగిరి కొండలు ఎక్కుతుంది. 2017 నుంచి అద్దాల కప్పున్న విస్టాడోమ్ కోచ్ తగిలిస్తున్నారు. మా తోడికోడలు వాళ్ళకు ‘అరకు గ్లాస్ ట్రైన్’ అని చెప్పి అదే రైల్లో మామూలు స్లీపర్ పెట్టె ఎక్కించారు. అడిగితే ‘గ్లాస్ కోచ్ ఉన్న ట్రైనే కదండీ’ అన్నారట. కోచ్ తరగతి ఏంటో టికెట్ మీద ఉంటుంది, చూసుకోండి.

మేం తిరిగొచ్చాక వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాం. బ్రోషర్, వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు, డబ్బు కట్టిన రసీదు, కూనూర్ జనరల్ టికెట్లు అన్నీ ఫోటో తీసి పెట్టాం. ఆ టికెట్లు పారేయకండి, మీరు ఎక్కిందేదో చెప్పేది అవే. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ ఉండి తీరాలనీ లేదు.

ఫిర్యాదు నంబరు పంపాక ఏజెంటే ఫోన్ చేశాడు. ముందు కొడైకెనాల్ ప్యాకేజీలో డిస్కౌంట్ ఇస్తానన్నాడు. వద్దన్నాం. తర్వాత రైలు డబ్బులో సగం ఇస్తాను, గూగుల్‌లో పెట్టిన రివ్యూ తీసేయమన్నాడు. రివ్యూ అలాగే ఉంది. మొత్తం డబ్బు, ఈ-పాస్ పేరున తీసుకున్న దానితో సహా, వెనక్కి ఇస్తే ఇచ్చాడని అదే రివ్యూ కింద రాస్తామని చెప్పాం.