అద్దం ప్రతి పార్ట్: వేరే ఫైలా, అదే ఫైల్‌లో కాన్ఫిగరేషనా?

సాలిడ్‌వర్క్స్ (3D డిజైన్ సాఫ్ట్‌వేర్)లో ఎడమ పార్ట్‌కు అద్దంలో కనిపించేలాంటి కుడి పార్ట్ కావాలనుకోండి. ముందు ఒక పరీక్ష. పార్ట్‌ను తిప్పి పెడితే రెండో వైపు సరిపోతుందా? సరిపోతే అద్దం ప్రతి అక్కర్లేదు. అదే పార్ట్‌ను రెండోసారి పెట్టండి, పార్ట్స్ లిస్ట్‌లో ఒకే వరుస, సంఖ్య 2. కౌంటర్‌సింక్ (స్క్రూ తల లోపలికి దిగే పల్లం) ఒకే వైపున్న బ్రాకెట్ లాంటివి చూడ్డానికి సమానంగానే ఉంటాయి గానీ, తిప్పితే స్క్రూ తల తప్పు వైపుకి వస్తుంది.

నిజంగా ఎడమ, కుడి వేరైతే సాలిడ్‌వర్క్స్‌లో మిర్రర్ కాంపొనెంట్స్ కమాండ్ రెండు దారులిస్తుంది: అదే ఫైల్‌లో కాన్ఫిగరేషన్ (ఆ పార్ట్‌కే మరో రూపం), లేదా వేరే ఫైల్.

కాన్ఫిగరేషన్ దారిలో ఫైల్ ఒక్కటే, మార్పులు వాటంతటవే రెండో వైపుకీ వస్తాయి. చిక్కల్లా లిస్ట్‌లోనే. కాన్ఫిగరేషన్ ప్రాపర్టీస్‌లో పార్ట్ నంబర్ 'డాక్యుమెంట్ నేమ్' అని ఉంటే ఎడమకీ కుడికీ ఒకే నంబర్ పడుతుంది. పైగా ఒకే పార్ట్ కాన్ఫిగరేషన్లను ఒకే ఐటమ్‌గా కలిపే సెట్టింగ్ ఉంటే రెండూ ఒకే వరుసలోకి వెళ్లి సంఖ్య 2 అవుతుంది. వర్క్‌షాపులో రెండూ ఎడమవే తయారవుతాయి! 'యూజర్ స్పెసిఫైడ్ నేమ్' ఎంచుకుని 1042-ఎల్, 1042-ఆర్ అని ఇవ్వండి.

వేరే ఫైల్ అయితే డ్రాయింగ్, రివిజన్, స్టాక్ దేనికదే. కానీ అసలు పార్ట్ కస్టమ్ ప్రాపర్టీస్‌ను (నంబర్ లాంటి వివరాలను) కూడా తెచ్చుకుంటే పాత నంబరే వస్తుంది, వెంటనే మార్చాలి. అసలు ఫైల్ పేరును విండోస్‌లో నేరుగా మారిస్తే లింకు తెగుతుంది, కుడి పార్ట్ పాత ఆకారంలోనే ఉండిపోతుంది.

విడిగా కొని, నిల్వచేసే పార్ట్‌కైతే వేరే ఫైలే మేలు. డిజైన్ ఇంకా మారుతున్న చిన్న బ్రాకెట్‌కు కాన్ఫిగరేషన్ చాలు.