డిసెంబరు పుస్తక ప్రదర్శనా, ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాతా?

తర్వాత ఏం చదవాలో తోచని హైదరాబాదు పాఠకుడికి రెండు దారులున్నాయి. ఒకటి, సాధారణంగా ఏటా డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శన. రెండోది, ఆదివారం దుకాణాలు మూసి ఉండగా వాటి ముందు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు.

కొత్తగా ఏం వచ్చిందో తెలియాలంటే ప్రదర్శనకే వెళ్లాలి. చాలామంది ప్రచురణకర్తలు ఆ తేదీలకు అందేలా పుస్తకాలు అచ్చు వేయిస్తారు. పెద్ద సంస్థల స్టాళ్లు ఎలాగూ కళ్లబడతాయి. నేను ముందు వెతికేది మూలనున్న చిన్న స్టాళ్లను. అక్కడ బల్ల వెనక కూర్చున్నది చాలాసార్లు రచయితే. "ఇలాంటి కథలు ఇంకెవరు రాస్తున్నారు?" అని అడిగితే పక్క స్టాలులోని పుస్తకం పేరైనా సరే చెప్తారు. దళిత, ముస్లిం, గిరిజన జీవితాల మీద వస్తున్న కొత్త రచనలు ఇలాంటి చోటే చేతికి అందుతాయి. చిక్కల్లా ఆదివారం రద్దీతోనే. నిలబడి రెండు పేజీలు తిరగేసే వీలుండదు.

అబిడ్స్‌లో సిఫార్సు చేసేవారు తక్కువ, కుప్పలే సలహాదారులు. పోటీ పరీక్షల గైడు కింద మాస్కో ప్రగతి ప్రచురణాలయం వారి తెలుగు అనువాదం ఉండవచ్చు. దాని కింద, వారపత్రిక నుంచి సీరియల్ పేజీలు చించి ఎవరో శ్రద్ధగా బైండు చేయించుకున్న నవల. అట్ట లోపల పెన్సిలుతో రాసిన ధర, చెరిగిపోతున్న గ్రంథాలయం ముద్ర. వానాకాలంలో మాత్రం సగం సరుకు ప్లాస్టిక్ పట్టా కిందే ఉంటుంది.

పాత సాహిత్యానికి నా ఓటు అబిడ్స్‌కే. విజయవాడ వారికైతే జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం ఎలాగూ ఉంది.