నెయ్యి వేయని విస్తరి: గోదావరి నుంచి అరకు దాకా వీగన్ భోజనాలు

రాజమహేంద్రవరంలో రైలు దిగి, కోనసీమ, కాకినాడ, అన్నవరం, విశాఖపట్నం మీదుగా అరకు లోయ దాకా మాఘమాసంలో మేము చేసిన ప్రయాణానికి, చూడవలసిన ప్రదేశాలతో పాటు తినవలసిన వంటల జాబితాను కూడా ముందే సిద్ధం చేసుకున్నాము. నేనూ మా అక్కా వీగన్లం, అంటే పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, తేనె వంటి జంతువుల నుంచి వచ్చేవి ఏవీ తీసుకోము. బావగారు శాకాహారి, పెరుగన్నం తింటే గాని ఆయనకు భోజనం ముగిసినట్టు ఉండదు. ఈ రెండు రకాల వారికీ ఒకే పంక్తిలో తృప్తిగా భోజనం దొరుకుతుందా, బస చేసే చోట వంటవారు మా మాట మన్నిస్తారా అన్న దృష్టితో చూసిన విషయాలను ఇక్కడ తూచి చెబుతున్నాను. కోస్తా వంటల్లో అధిక భాగం పాల పదార్థాల ప్రసక్తి లేకుండానే తయారవుతాయి. నెయ్యీ పెరుగూ ఎక్కువగా వడ్డన సమయంలో వచ్చి చేరుతాయి. అందువల్ల వీగన్ ప్రయాణికులకు హోటలు స్థాయి కంటే వడ్డించే మనిషి శ్రద్ధ ముఖ్యమని ఈ ప్రయాణంలో నాకు గట్టిగా అనిపించింది.

రైలు భోజనం గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. చపాతీలకు వెన్న పూసి ఉంటుంది, కూరలో పన్నీరు ఉంటుంది, పక్కన పెరుగు పెడతారు. ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు పులిహోర, వేరుశనగ పొడి, అరటిపండ్లే మాకు ఆధారమయ్యాయి. విమానంలో వెళ్ళేవారికి మాత్రం ఒక సౌకర్యం ఉంది. భోజనం అందించే చాలా విమాన సంస్థల్లో, టికెట్టుతో పాటు ముందుగా కోరుకుంటే, పాల పదార్థాలు లేని భోజనం ప్రత్యేకంగా దొరుకుతుంది. అయితే భారతీయ శాకాహార భోజనం అన్న పేరుతో ఉండే మరొక రకంలో పెరుగు, పన్నీరు ఉండవచ్చు కనుక ఎంచుకునేటప్పుడు జాగ్రత్త అవసరం.

రాజమహేంద్రవరంలో ఉదయపు టిఫిన్లు మాకు ఏ ఇబ్బందీ కలిగించలేదు. ఇడ్లీ, పెసరట్టు, అల్లం పచ్చడి అన్నీ సహజంగానే మాకు పనికివచ్చేవి. అడిగి తెలుసుకోవలసినవి మూడు విషయాలు: అట్టు కాల్చేటప్పుడు పెనం మీద వేసేది నూనెయా నెయ్యా, కొబ్బరి పచ్చడిలో పెరుగు కలిపారా, పెసరట్టులో పెట్టే ఉప్మా పోపు దేనితో వేశారు. సందులో ఉన్న ఒక చిన్న టిఫిన్ సెంటర్లో ఈ మూడింటికీ పెనం దగ్గరున్న మనిషే నేరుగా జవాబు చెప్పి, మా అట్లకు ముందు పెనాన్ని నీళ్ళు చల్లి తుడిచి, వేరుశనగ నూనెతో కాల్చి ఇచ్చాడు. అంతకు అనేక రెట్లు ఖరీదైన మరొక చోట, మా ప్రశ్న వంటగదిలోకి వెళ్ళి జవాబై తిరిగి వచ్చేసరికి టిఫిన్ చల్లారిపోయింది, పొడి మీద నెయ్యి కూడా వేసే ఉంది. దీనికి కారణం ఊహించడం కష్టం కాదు. నెయ్యి ఖరీదైనది కనుక చిన్న హోటళ్ళు, మెస్సులు దానిని అడిగిన వారికే వేస్తాయి, ఘనమైన హోటళ్ళు దానినే తమ గొప్పతనంగా భావించి అడగకుండానే వేస్తాయి.

కోనసీమలో కాలువ ఒడ్డున, కొబ్బరితోటలో ఉన్న ఒక ఇంట్లో బస చేశాము. గదులు సాదాగా ఉన్నాయి, వేడినీళ్ళు అడిగితే బిందెతో కాచి ఇచ్చారు, రాత్రిపూట దోమల బెడద కొంత ఉంది. ఇవన్నీ చెప్పిన తరువాత కూడా, మొత్తం ప్రయాణంలో ఇదే నాకు అన్నిటి కంటే నచ్చిన బస అని సంకోచం లేకుండా చెప్పగలను. ముందు రోజే ఫోనులో మేము తినని పదార్థాలను ఒక్కొక్కటిగా చెప్పాము. ఆ ఇల్లాలు శ్రద్ధగా విని, “మరి చివర అన్నంలోకి ఏం వేసుకుంటారమ్మా?” అని ఒక్క ప్రశ్న మాత్రం అడిగారు. మేము వెళ్ళేసరికి ఆ ప్రశ్నకు ఆవిడే జవాబు సిద్ధం చేసి ఉంచారు. లేత కొబ్బరి కోరును గోరువెచ్చని నీళ్ళతో రుబ్బి, బట్టలో పిండి తీసిన చిక్కటి తొలిపాలలో కాస్త ఉప్పు, నిమ్మరసం చేర్చి, అల్లం, పచ్చిమిరప, కరివేపాకుతో పోపు పెట్టి, అన్నంలో కలిపారు. బావగారు తన పెరుగు గిన్నెను పక్కన పెట్టి దానినే రెండోసారి వడ్డించుకున్నారు.

ఆ ఇంటి భోజనంలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కంద బచ్చలి, ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం ఉన్నాయి. పనసపొట్టును సన్నగా కొట్టి, ఉడికించి, గట్టిగా పిండి, చింతపండు పులుసుతో పోపులో మగ్గించిన తరువాత, పొయ్యి మీద నుంచి దింపి చల్లారాక ఆవపిండి కలుపుతారు; వేడి మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. ఇంతటి రుచికి పాల చుక్క అవసరం లేదన్నది మాకు కొత్త సంగతి కాదు గాని, దానిని అరిటాకులో చూసినప్పుడు కలిగే సంతోషం వేరు. అయితే గోదావరి వైపు వెళ్ళే వీగన్లు ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. ఇక్కడ బీరకాయ, సొరకాయ కూరలను పాలు పోసి వండే అలవాటు ఉంది, చూపుకు ఆ సంగతి తెలియదు. మజ్జిగ పులుసు, పెరుగు పచ్చడి పేరులోనే తెలిసిపోతాయి, ఈ కూరలను మాత్రం అడిగితే గాని తెలుసుకోలేము.

మరునాటి ఉదయం అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాము. పనసాకులను పుల్లలతో కుట్టిన బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించే ఈ పొట్టిక్కలకు ఆకు పరిమళం పట్టి ఉంటుంది. నెయ్యి లేకుండా కారప్పొడిలో నువ్వుల నూనె వేసుకుంటే ఆ పరిమళం మరింత బాగా తెలుస్తుందని నా అభిప్రాయం. దారిలో ఉడకబెట్టిన తేగలు అమ్ముతుంటే కొనుక్కున్నాము. ఆత్రేయపురంలో మామిడి తాండ్రతో పాటు, నెయ్యి రాయని, ఏమీ చుట్టని పూతరేకులను విడిగా అడిగి తీసుకున్నాము. రేకు తయారీలో బియ్యప్పిండి జావ తప్ప మరేమీ ఉండదు. బోర్లించిన కుండను కింద నుంచి కాలుస్తూ, జావలో ముంచిన బట్టను దాని మీద ఒక్కసారి పరిచి లాగితే రేకు వస్తుంది. నెయ్యి చేరేది మడత పెట్టేటప్పుడే.

కాకినాడ భోజనానికి సుబ్బయ్య హోటల్ వల్ల వచ్చిన పేరు అందరికీ తెలిసినదే, ఆ ఊరి భోజన హోటళ్ళలో కొసరి కొసరి వడ్డించే మర్యాద ఇంకా నిలిచి ఉంది. ఆ మర్యాదే మాకు చిన్న చిక్కు తెచ్చింది. మేము మధ్యాహ్నం తిన్న ఒక హోటల్లో, వద్దన్న కొద్దీ మొహమాటపడుతున్నామని భావించి నేతి గరిటె మా విస్తరి వైపే వంచారు. పంక్తిని చూసుకునే పెద్దాయనకు విషయం చెప్పిన తరువాత పరిస్థితి మారింది. పెరుగు, పాయసం బదులు ఆయన గోంగూర పచ్చడి, నూనె వంకాయ రెండోసారి పంపించారు. అన్నవరంలో గోధుమ నూక, పంచదార, నెయ్యితో చేసి ఆకులో కట్టి ఇచ్చే ప్రసాదాన్ని మేమిద్దరం కళ్ళకద్దుకుని బావగారికి అందించాము. ఇందులో మాకు ఏ సంకటమూ లేదు. దేవుడి మీద భక్తికీ, గోవుల మీద కరుణకీ మధ్య పోటీ ఉండవలసిన అవసరం లేదని మేము మనస్ఫూర్తిగా నమ్ముతాము.

విశాఖపట్నంలో సముద్రం కనిపించే ఒక పెద్ద హోటల్లో దిగాము. గది, పరుపు, శుభ్రత ఎన్నదగినవి. ఉదయపు బఫేలో వంటకాల పక్కన చీటీలు ఉన్నాయి గాని, అవి శాకాహారమా మాంసాహారమా అన్నంతవరకే చెబుతాయి. పచ్చ చుక్క పాలను, నెయ్యిని మినహాయించదు. మా విన్నపం మీద వంట పెద్ద స్వయంగా వచ్చి, ఏది పనికివస్తుందో చూపించి, సోయా పాలు తెప్పించారు. ఆయన ఓపికకు కృతజ్ఞతలు. రాత్రి భోజనంలో ఉన్నవన్నీ ఉత్తరాది వంటలు కావడంతో నాన్‌లో పెరుగు, కూరల్లో మీగడ ఉన్నాయి. వెన్న రాయని తందూరీ రొట్టె, పప్పు మాత్రమే మిగిలాయి. చెల్లించిన సొమ్ముకు ఇది చాలా తక్కువ. ఇలాంటి బసలో గది మాత్రం తీసుకుని భోజనం ఊళ్ళోని మెస్సులో చేయడమే మేలని నా సలహా. పొట్లాల ఆహారం కొనేవారికి, వీగన్ ఆహారాలపై 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇచ్చే ప్రత్యేక ఆకుపచ్చ ముద్ర ఉపయోగపడుతుంది. అందులో ఇంగ్లీషు వీ అక్షరం మీద చిన్న మొక్క ఉంటుంది.

అరకులో ఎంపిక తక్కువే అయినా ఉన్నది బాగుంది. మన్యంలో పండే రాజ్మాను ఉల్లి, టమాటాలతో వండి, వెన్న గాని మీగడ గాని తగలనివ్వకుండా సామల అన్నంతో పెట్టారు. రాగి అంబలిలో మజ్జిగ వద్దని ముందే చెప్పాలి. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. పాలు లేకుండా, కొద్దిగా అనకాపల్లి బెల్లంతో తాగితే దాని రుచి నిండుగా తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక కోనసీమ కొబ్బరిపాల అన్నం మా వారపు వంటల్లో చేరింది. పెరుగు కావలసిన రోజుల్లో నానబెట్టిన వేరుశనగ గుళ్ళను రుబ్బి, వడకట్టి, కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు పచ్చిమిరప తొడిమలు వేసి రాత్రంతా ఉంచుతాము. మొదటి తోడు పలుచగా వస్తుంది, దానితో తోడు పెట్టిన రెండోది గట్టిపడుతుంది. దీనితో పులుసు చేసేటప్పుడు పొయ్యి ఆర్పిన తరువాతే కలపాలి, మరిగిస్తే విరుగుతుంది. బీ12 విటమిన్ మాత్రం ఈ వంటల నుంచి రాదు కనుక వైద్యుల సలహాతో మాత్ర వేసుకుంటాము. ఆత్రేయపురం రేకులకు తడి ఎక్కువైతే చిరిగిపోతాయి. కొబ్బరిపాలను వేళ్ళతో చిలకరించి మెత్తబరచి, బెల్లం తురుము, జీడిపప్పు పొడి, యాలకులు చల్లి వెంటనే చుట్టాలి. చుట్టినవి ఆ పూటే తినేయాలి.